నాలుగో గడి

నాకు లెక్కలు వచ్చు. ఈ మాట గర్వంగా చెప్పుకున్న రోజులు కొన్ని ఉన్నాయి, నోరు మూసుకున్న రోజులు అంతకంటే ఎక్కువ. కరీంనగర్‌లో బీఎస్సీ లెక్కలు చదివి, ఎమ్మెస్సీ సీటు రాక, సౌదీలోని జుబైల్‌లో ఒక కంపెనీ క్యాంపుకు టైమ్ కీపర్‌గా వచ్చాను. ఎవరు ఎన్ని గంటలకు పనిలోకి దిగారు, ఎవరు ఎన్ని గంటలకు బయటికొచ్చారు అని రాసుకోవడం నా పని. అయిదో తరగతి పిల్లవాడు చేయగలిగిన పని. అయినా క్యాంపులో అందరూ నన్ను సారు అనేవాళ్లు, నేనూ వద్దనేవాణ్ణి కాదు.

సారు అనని మనిషి ఒక్కడే, కాకా. అసలు ఆయన నాకు చుట్టం కాదు. మా పక్క ఊరి సుతారి. గోడలు కట్టీ కట్టీ మోకాళ్లు పోతే కంపెనీ ఆయన్ని క్యాంపు ఊడ్చే పనిలో వేసింది. నేను వచ్చిన మొదటి వారం జ్వరంతో పడి ఉంటే, గంజి కాచి తాగించి, "ఏం కాదు బిడ్డా, ఈడ అందరికి మొదట గిట్లనే అయితది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు కాకా.

కాకాకు చదువు రాదు. కానీ క్యాంపులో ఉత్తరాల పెత్తనమంతా ఆయనదే. పోస్టులో వేసిన ఉత్తరం చేరడానికి నెల పట్టే రోజులవి. అందుకని చేతి ఉత్తరాలనే నమ్ముకునేవాళ్లం. మా కంపెనీకి హుఫూఫ్‌లో ఇంకో క్యాంపు ఉండేది. సెలవు ముగించుకుని హుఫూఫ్ క్యాంపుకు వచ్చినవాళ్లు జుబైల్ వాళ్ల ఉత్తరాలు కూడా మోసుకొచ్చేవారు. అక్కడివాళ్లు వాటిని ఇక్కడికి పంపేవారు, ఇక్కడివాళ్లు జవాబులు అక్కడికి పంపేవారు. ఉత్తరాల సంచి వచ్చినా పోయినా కాకా చేతుల మీదుగానే.

ఒకసారి ఎవరిదో ఉత్తరం పోయి, ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు కాకా నాతో ఒక నోటుబుక్కు కొనిపించాడు. "నేను చెప్త, నువ్వు రాయి" అన్నాడు. నాలుగు గడులు గీశాను. తేదీ, ఇచ్చినవారు, అందుకున్నవారు, మోసినవారు.

మొదటి వరుస రాస్తూ నాలుగో గడి దగ్గరికి వచ్చాను. ఆ సంచి తెచ్చింది మా బావ. మా అక్క మొగుడు. మా కంపెనీలోనే ట్రక్కు డ్రైవరు. వారానికి రెండుసార్లు హుఫూఫ్ నుంచి జుబైల్‌కు సామాను తోలేవాడు. పేరు రాయబోతుంటే కాకా నా చెయ్యి పట్టుకున్నాడు.

"అల్లుని పేరు రాస్తున్నవా రా? ఇంటల్లుడు మూటలు మోసిండని బుక్కుల ఎక్కిస్తే ఏం మర్యాద? ఇడిసిపెట్టు. మనకు ఎర్కే గదా."

నిజమే అనిపించింది. బావ అంటే పీట వేసి కూర్చోబెట్టాల్సిన మనిషి. ఆయన పేరును కూలి లెక్కలో రాసినట్టు రాస్తే అక్కకు తెలిసినా బాధపడుతుంది. గడి ఖాళీగా వదిలేశాను. బావ ట్రక్కు మరమ్మతులో ఉన్న వారాల్లో సంచి మలయాళీ వ్యాను డ్రైవరుతోనో, బెంగాలీ ఎలక్ట్రీషియన్‌తోనో వచ్చేది. వాళ్ల పేర్లు మాత్రం గుండ్రంగా రాసేవాణ్ణి. పరాయివాళ్లకు మర్యాద ఎందుకు?

తర్వాత కువైట్ యుద్ధం వచ్చింది.

ఆకాశంలో ఏవేవో పేలేవి. సైరన్ మోగితే కిటికీలకు టేపు అంటించిన గదిలో, తడి తువ్వాళ్లు మూతికి కట్టుకుని పదిమందిమి ఒక్కచోట కూర్చునేవాళ్లం. విషవాయువు వస్తే తడి తువ్వాలు ఏం ఆపుతుందో ఎవరికీ తెలియదు. చాలామంది ఇంటికి పోతామని ఏడ్చారు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర. ప్లాంటు ఆగకూడదు కాబట్టి కంపెనీ ఎవరినీ వదల్లేదు. ఎలాగైనా రియాద్ చేరి మన ఎంబసీ గేటు ముందు కూర్చుంటే వాళ్లే పంపిస్తారని ఒక ఆశ. కానీ ఊరు దాటాలంటే కఫీల్, అంటే మమ్మల్ని పనికి తెచ్చుకున్న సౌదీ యజమాని, ముద్ర ఉన్న కాగితం కావాలి. అది లేకపోతే రోడ్డు మీద మొదటి చెక్ పాయింట్‌లోనే దింపేస్తారు.

ఒక రోజు మా క్యాంపు వాళ్లు ఏడుగురు ఆ కాగితాలతో రియాద్ బస్సెక్కారు. చెక్ పాయింట్‌లో దొరికిపోయారు. ముద్రలు దొంగవి.

యుద్ధ సమయంలో దొంగ కాగితమంటే మాటలా? ఏడుగురినీ విడివిడిగా అడిగారు. కాగితం ఎవరిచ్చారు? మూసిన కవరులో వచ్చింది. కవరు ఎవరిచ్చారు? కాకా. ఏడుగురూ అదే మాట. మర్నాడు పొద్దున చీపురు చేతిలో ఉండగానే కాకాను తీసుకుపోయారు. ఆ చీపురు వరండాలో అడ్డంగా పడి ఉంటే ఎవరూ తీయలేదు. చివరికి నేనే తీసి మూలన పెట్టాను.

విచారణ కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు చేతిలో ఉండేది. సౌదీ మనిషి, పెద్దవాడు, నిదానస్థుడు. ఇంగ్లీషు, ఉర్దూ రెండూ వచ్చని నన్ను దుబాసీగా పిలిచాడు. ముఠా నాయకుడు దొరికాడని ఆయన నమ్మకం. ఏడు వేళ్లూ ఒక్కడినే చూపిస్తుంటే ఇంకేం కావాలన్నాడు.

నాకు ఒళ్లు మండింది. టైమ్‌షీటు వెనక్కి తిప్పి, ఆయన బల్ల మీదే చుక్కలు పెట్టాను. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. ఎవరి నుంచి ఎవరికి ఉత్తరం పోయిందో ఆ చుక్కల మధ్య గీత. క్యాంపులో ఎవరినుంచి ఎవరికి గీసినా ఆ గీత కాకా చుక్క మీదుగానే పోతుంది. దొంగ కవరే కాదు, పెళ్లి కబురైనా చావు కబురైనా అంతే. ఎక్కువ గీతలున్నవాడే నాయకుడైతే ముందు పోస్టుమాస్టర్లను జైల్లో పెట్టాలి సర్ అన్నాను. దాక్కోవాలనుకున్నవాడు తన చుట్టూ అన్ని గీతలు పెట్టుకోడు. వాడి ఆచూకీ మిగతావాళ్ల గీతల్లో ఉంటుంది. మా అక్క వాకిట్లో ముగ్గు వేస్తూ, గీత వంకర పోయిన తీరు చూసి ఏ చుక్క పెట్టడం మరిచిపోయిందో చెప్పేది. ఇదీ అంతేనని వివరించాను. అక్క సంగతి ఆయనకెందుకని అప్పుడు తట్టలేదు.

ఆయన ఆ కాగితం చాలాసేపు చూశాడు. గురువారం ఫైలు దమ్మామ్ పోలీసులకు పోతుంది, ఆలోపు ఆ మరిచిపోయిన చుక్కను చూపిస్తే ఈ ముసలాయన్ని వదిలేస్తానన్నాడు. మాట తప్పే మనిషిలా కనిపించలేదు.

అప్పటికి కాకాను ఇంకా జుబైల్‌లోనే ఉంచారు. రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. ఆయన భయపడలేదు.

"బుక్కు ఉన్నది గదరా. నువ్వు రాసినవ్ గదా. అండ్ల అంత ఉంటది. చూపియ్యి వాళ్లకు."

"నాలుగు రోజులల్ల తీస్కపోత కాకా. వాడు ఎవడో పట్టుకుంట."

"నువ్వు పడ్తవు. లెక్కలొస్తయి నీకు" అన్నాడు.

ఆ సాయంత్రమే నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. ఏడు కవర్లు, ఏడు వరుసలు. ఇచ్చినవారి గడిలో హుఫూఫ్ క్యాంపు వాళ్లు అయిదుగురి పేర్లున్నాయి. అయిదు చుక్కలు. ఈ అయిదుగురికీ ఆ కాగితాలు ఇచ్చిన ఆరోవాడు ఒకడుండాలి. వాణ్ణి పట్టాలంటే హుఫూఫ్ పోవాలి. పోవాలంటే కాగితం ఉండాలి, బండి ఉండాలి. రెండూ బావకున్నాయి.

"నడువు, తీస్కపోత" అన్నాడు బావ, అడగ్గానే. ట్రక్కులో తనకు సహాయకుడని నా పేరు రాయించాడు. దారిలో టీ తాగించాడు. ఎవరనుకుంటున్నావని రెండుసార్లు అడిగాడు. నా పద్ధతంతా ఉత్సాహంగా చెప్పాను. బాగా విన్నాడు. నా చదువు దండగ కాలేదని మొదటిసారి అనిపించిందంటే అది ఆ ట్రక్కులోనే.

హుఫూఫ్ క్యాంపులో అయిదుగురినీ విడివిడిగా కలిశాను. మొదటివాడు నేను ఏ కవరూ ఇయ్యలేదన్నాడు. అబద్ధం అనుకున్నాను. రెండోవాడూ అదే మాట. మూడోవాడికి జుబైల్‌లో తెలిసినవాడే లేడు. నాలుగోవాడు ఆ తేదీన కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. కట్టు ఇంకా విప్పలేదు. అయిదోవాడు నా మీద కోప్పడ్డాడు. "నా పేరు ఎవడు రాసిండు బుక్కుల?" అన్నాడు.

నేనే రాశాను. కాకా చెబితే రాశాను. కాకాకు ఎవరు చెప్పారు?

తిరుగు ప్రయాణంలో మిట్టమధ్యాహ్నం. బావ బండి నడుపుతున్నాడు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని ఏడు వరుసలూ మళ్లీ చదివాను. మొదటి మూడు గడులనే నాలుగు రోజులుగా చూస్తున్నాను. నాలుగోదాని మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చాను. ఏడు వరుసల్లోనూ ఖాళీ. ముందు వెనక పేజీలు తిప్పాను. మలయాళీ తెచ్చిన సంచుల్లో ఒక్క దొంగ కవరు లేదు. బెంగాలీ తెచ్చిన సంచుల్లో లేదు. బావ ట్రక్కు మూలపడ్డ మూడు వారాల్లో ఒక్కటి లేదు.

మనుషులను చుక్కలుగా పెట్టాను. చుక్కకూ చుక్కకూ మధ్య గీత గీసినప్పుడు, ఆ గీత కూడా ఒక మనిషే అని తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానంటారే, అది నేనే. చంకలో కూడా కాదు, ఆయన తెచ్చిన టీ తాగుతూ ఆయన ట్రక్కులోనే కూర్చుని వెతికాను.

బుక్కు మూశాను.

"బావా, ఆ కవర్లు నువ్వే తెచ్చినవా?"

ఆయన రోడ్డు మీద నుంచి కళ్లు తీయలేదు. "తెచ్చిన."

"లోపల ఏమున్నయో ఎర్కేనా?"

"ఎర్కే. టైపింగు దుకాణపోడు చేసిచ్చెటోడు. మనోళ్లు పోతం పోతమని ఏడ్సిండ్రు. ఊకెనే చేసిన అని చెప్ప, పైసలు తీస్కున్న. నా పేరు ఎవలకు చెప్పద్దని ఒట్టేపిచ్చుకున్న. ఎవలిచ్చిండ్రని కాకా అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పిన."

"మరి కాకా?"

ఆయన గేరు మార్చాడు. "కాకా మీదికి వస్తదనుకోలే. నేను పోయి ఒప్పుకుంటె యుద్ధంల ఏం చేస్తరో ఎర్కలేదు. మీ అక్కకు ఏడో నెల. నువ్వే చెప్పు ఏం చెయ్యాల్నో. సదువుకున్నోనివి."

పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు అది. బావ ఏడ్చి ఉంటే ఆయన్ని తిట్టేవాణ్ణి. తిట్టి ఉంటే కొట్టేవాణ్ణి. నాకు అప్పగించి బండి నడుపుకున్నాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి వదిలేశాను.

గురువారం ఆఫీసరు బల్ల ముందు నిలబడ్డాను. దొరికాడా అని అడిగాడు. లేదన్నాను. ఆయన నా చుక్కల కాగితం సొరుగులోంచి తీసి మరోసారి చూశాడు. "అయితే నీ లెక్క తప్పు" అన్నాడు. "తప్పే సర్" అన్నాను. ఆ కాగితం నాకు తిరిగి ఇచ్చి ఫైలు మూశాడు. ఫైలు మూసే ముందు ఆయన కొంచెం ఆగాడు. ఆ ఆగిన క్షణంలో చెప్పేసి ఉండవచ్చు. ముప్ఫై ఏళ్లుగా ఆ క్షణంలోకి మళ్లీ మళ్లీ వెళ్లి నిలబడుతున్నాను. ఒక్కసారీ నోరు పెగలలేదు.

యుద్ధం అయిపోయాక ఏడుగురినీ దేశం నుంచి పంపించేశారు. వాళ్లు కోరుకున్నదీ అదే, ఇంటికి పోయారు. కాకాకు మాత్రం నాలుగేళ్ల శిక్ష పడింది.

దమ్మామ్ జైలుకు వీలైనప్పుడల్లా పోయేవాణ్ణి. మధ్యలో ఇనుప జాలీ.

"బుక్కు చూపిచ్చినవా?"

"బుక్కు దొర్కుతలేదు కాకా."

"మంచిగ ఎతుకు బిడ్డా. పరుపు కింద పెడ్తవు గదా."

"ఎతుకుత."

తర్వాతిసారీ అదే అడిగాడు. ఆ తర్వాతా అడిగాడు. నోటుబుక్కు నా పెట్టె అడుగున, పాత చొక్కాలో చుట్టి ఉంది. చింపేద్దామని ఒకటి రెండుసార్లు తీశాను, చేతులు రాలేదు. కాకా మాటలన్నీ నా రాతలో ఉన్న పుస్తకం అది.

ఒక రోజు మాత్రం కాకా బుక్కు సంగతి అడగలేదు. "మీ అక్కకు ఏం పుట్టింది?" అన్నాడు. ఆడపిల్ల అన్నాను. "తండ్రి మంచిగ చూస్కుంటున్నడా?" అన్నాడు. చూసుకుంటున్నాడన్నాను. కాసేపు నా ముఖంలోకే చూసి, "సల్లగుండాలె" అన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ బుక్కు పేరెత్తలేదు. ఆయనకు తెలిసిపోయిందని నా అనుమానం. నాలుగు గోడల మధ్య పని లేకుండా కూర్చున్న మనిషికి ఆ లెక్క ఎంతసేపు? తిట్టి ఉంటే బాగుండేది. నన్ను అలా చూసి ఊరుకోవడం కంటే తిట్టడం దయ.

శిక్ష తీరాక కాకాను ఊరికి పంపారు. రెండేళ్లకు చనిపోయాడని ఫోనులో ఎవరో చెప్పారు. నేను సెలవుల్లో ఎన్నోసార్లు ఇంటికి వెళ్లాను. పక్క ఊరే, సైకిలు మీద పావుగంట. ఒక్కసారీ పోలేదు. బావ యుద్ధం తర్వాత ఏడాదికే మానేసి వెళ్లిపోయి ట్రాక్టరు కొనుక్కున్నాడు. మేమిద్దరం పెళ్లిళ్లలో, పండగల్లో పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. మొన్న ఒక శుక్రవారం మధ్యాహ్నం నా మేనకోడలు జుబైల్ వచ్చింది. అదే, ఆ ఏడో నెల కడుపులో ఉన్న పిల్ల. నాలాగే లెక్కలు చదివింది. కాకపోతే చివరిదాకా చదివింది. హైదరాబాద్ కంపెనీ తరఫున ఖోబర్‌లోని ఒక ఆఫీసుకు మూడు నెలల పనికి వచ్చింది. బావ పంపిన మామిడికాయ పచ్చడి డబ్బా బల్ల మీద పెట్టి, తన పనేమిటో చెప్పింది. దొంగ ముఠాల్లో ఎవరు ఎవరితో మాట్లాడారో, ఎవరి ఖాతా ఎవరి ఖాతాతో కలుస్తుందో గీతలు గీసి, దాక్కున్నవాళ్లను కంప్యూటర్‌తో పట్టిస్తుందట.

"అందరికంటె ఎక్కువ గీతలున్నోడే పెద్దోడు అనుకుంటరు మామా. అక్కడ్నే తప్పయితది" అంది.

"నాకు తెలుసు" అన్నాను.

"నీకెట్ల తెలుసు?" అని నవ్వింది.

ఆ నవ్వుకు ఉక్రోషం వచ్చిందో, మోసీ మోసీ అలిసిపోయానో, లేచి పెట్టె తెరిచి చొక్కాలోంచి నోటుబుక్కు తీశాను. కాకా సంగతి, ఏడు కవర్ల సంగతి చెప్పాను. అసలువాడు ఎవరో చెప్పలేదు. ఆమె నోటుబుక్కు దగ్గరికి లాక్కుని చదివింది. అయిదుగురు మేము ఇయ్యలేదన్నారా అని ఒక్క ప్రశ్న అడిగింది. అవునన్నాను. నాకు నాలుగు రోజులు పట్టిన చోటికి ఆమె వేలు పావుగంటలో వచ్చింది.

"ఈ ఏడింటికి మోసినోని పేరు లేదేంది మామా? పరాయోళ్లవి రాసినవ్ గదా."

నేను పచ్చడి డబ్బా మూత బిగించాను.

"అంటే ఈయన పరాయోడు కాదు. పేరు రాస్తె బాగుండదనుకున్నరు." పేజీ వెనక్కి తిప్పి తేదీలు చూసింది. "నాన్న అప్పుడు బండి నడిపెటోడు గదా, హుఫూఫ్ నుంచి?"

"అవును" అన్నాను. ఆఫీసరు బల్ల ముందు అనాల్సిన మాట.

ఆమె సంచీలోంచి పెన్ను తీసి, ఏడు వరుసల్లోనూ నాలుగో గడిలో 'నాన్న' అని రాసింది. పెన్ను మూసి, పచ్చడి డబ్బాను పక్కకు జరిపింది.

"ఆ కాకా భార్య ఉన్నదా?"

"ఉన్నదట."

"ఊరేది? ఇంటి అడ్రసు దొరుకుతదా?"

వెతకాల్సిన పని లేదు. కాకా చెబుతుంటే నెలనెలా ఆ అడ్రసు కవరు మీద రాసింది నేనే. ఇంటి నంబరుతో సహా చెప్పాను, ఆమె రాసుకుంది.